ఆ మూలనున్న అంకె

పోయిన సంచికలో ఫోన్ గేమ్‌ల గురించి రాస్తూ "డౌన్‌లోడ్ చేసే ముందు పక్కనున్న 12+, 16+ వయసు అంకె ఓసారి చూసుకోండి" అని ఒక ముక్క అనేసి ముందుకు వెళ్లిపోయాను. ఆ ఒక్క ముక్కకి వచ్చినన్ని ఉత్తరాలు మిగతా రెండు పేజీలకీ కలిపి రాలేదు. సగం మంది ఆ అంకె ఎక్కడుంటుందని అడిగారు (స్టోర్‌లో ఆట పేరు దగ్గరే ఉంటుంది). మిగతా సగం మంది దాన్ని పెట్టినవాళ్లెవరని కోప్పడ్డారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. గేమ్‌ల కంపెనీలో తొమ్మిదేళ్లు టెస్టర్‌గా పనిచేశాను, ఆ అంకెల కోసం ఫారాలు కూడా నింపాను. తెర వెనక సంగతులు కొన్ని నాకు తెలుసు. తెలిసినంతవరకు చెబుతాను.

మా అబ్బాయికి 9 ఏళ్లు. '3+' అని ఉన్న చదరంగం యాప్‌లో మొదటి మెట్టు దాటడానికే ఆపసోపాలు పడతాడు. '16+' అని ఉన్న తుపాకుల ఆటని మాత్రం కళ్లు మూసుకుని గెలిచేస్తాడు. మరి ఆ అంకెలకి అర్థమేముంది మేడమ్?
— ఒక తల్లి

అమ్మా, ముందు మీ అనుమానం తీరిస్తే మిగతావాళ్ల సందేహాలు సగం తీరిపోతాయి. ఆ అంకె ఆట ఎంత కష్టమో చెప్పదు. చదరంగంలో పెద్ద పెద్ద గ్రాండ్‌మాస్టర్లే తల పట్టుకుంటారు, అయినా దాని మీద 3 అనే ఉంటుంది. ఎందుకంటే అందులో చిన్నపిల్లలు చూడకూడనిది ఏదీ లేదు. అంతే లెక్క.

పొరపాటు మీది కాదులెండి. బొమ్మల డబ్బాల మీద ఉండే వయసులు చూసి చూసి మనకలా అలవాటైంది. అక్కడ 'మూడేళ్లలోపు పిల్లలకు కాదు' అంటే చిన్న ముక్కలు మింగేస్తారని. ముక్కలు పేర్చే పజిల్ మీద '8 నుంచి 12' అంటే ఆ వయసువాళ్లకి చేతనవుతుందని. వీడియో గేమ్ మీదున్న అంకె ఈ రెండిటిలో ఏదీ కాదు. తెర మీద ఏం కనబడుతుంది, ఏం వినబడుతుంది అన్నదాన్నే అది చూస్తుంది. కొట్టుకోవడం, రక్తం, బూతులు, భయపెట్టే దృశ్యాలు, మత్తు పదార్థాలు, శృంగారం, జూదం, ఇలాంటివి. ఆట బాగుందా, పిల్లాడికి మంచిదా, ఎన్ని గంటలు తినేస్తుంది అన్నవి దాని పరిధిలోకి రావు.

మీవాడు 16+ ఆట సులువుగా గెలుస్తున్నాడంటే వేళ్లు చురుగ్గా ఉన్నాయని అర్థం. ఆ 16 వేళ్ల గురించి పెట్టినది కాదు, కళ్ల గురించి పెట్టినది.

రెండు ఆటల్లోనూ వందమంది విమానంలోంచి దూకుతారు, తుపాకులు ఏరుకుని ఒకళ్లనొకళ్లు కాల్చుకుంటారు, చివరికి మిగిలినవాడు గెలుస్తాడు. ఒకదానికి 12, ఒకదానికి 16. రేటింగ్ ఇచ్చేవాళ్లు ఆడి చూసే ఇచ్చారా, లేక కాకిలెక్కలా?
— ఇద్దరు మగపిల్లల తండ్రి

మీరు పేర్లు రాయలేదు గానీ ఫోర్ట్‌నైట్, పబ్జీల సంగతే అని అర్థమైంది. యూరప్‌లో వాడే పెగీ రేటింగ్ ప్రకారం మొదటిది 12, రెండోది 16. (ఫోర్ట్‌నైట్‌లో దూకేది ఎగిరే బస్సులోంచి అని మా అక్క కొడుకు నా భుజం మీదుగా చూసి సరిదిద్దుతున్నాడు.)

మీ ఉత్తరం చదివాక వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రెండూ ఆడించాను. ఎవరు గెలిచారన్నది పట్టించుకోలేదు. ఒక మనిషికి తూటా తగిలిన ఆ ఒక్క క్షణాన్ని మాత్రం రెండింటిలోనూ మళ్లీ మళ్లీ చూశాను. ఫోర్ట్‌నైట్‌లో మనిషి బొమ్మల సినిమాలో మనిషిలా ఉంటాడు. రంగురంగుల బట్టలు, ఒక్కోసారి అరటిపండు వేషం. తూటా తగిలితే అంకెలు ఎగురుతాయి. రక్తపు చుక్క కనబడదు. ఓడిపోయినవాడి మీదకి ఒక చిన్న డ్రోన్ వస్తుంది, నీలి వెలుగులో అతను మాయమైపోతాడు, చేతిలో సామాన్లు మాత్రం నేల మీద చెల్లాచెదురుగా మిగులుతాయి. పబ్జీలో మనిషి మనిషిలాగే ఉంటాడు. తగిలినచోట రక్తం చిమ్ముతుంది, ఒళ్లు బరువుగా కుప్పకూలుతుంది. ఆ కూలడం చూస్తే నాకు కూడా ఒక్క క్షణం ఏదోలా అయింది.

పెగీ నియమాల్లో సరిగ్గా ఈ తేడా మీదే గీత గీశారు. బొమ్మల్లో కొట్టుకున్నట్టు, వివరాలు లేని హింస ఉంటే 7. మనుషుల్లాంటి పాత్రల మీదే అయినా నిజంలా అనిపించకపోతే 12. నిజ జీవితంలో జరిగినట్టే కనబడితే 16. ఘోరంగానో, ఏ కారణమూ లేకుండానో, ఎదురు తిరగలేని వాళ్లనో చంపుతుంటే 18. తుపాకులు ఎన్ని ఉన్నాయి, ఎంతమంది చచ్చారు అని లెక్కపెట్టరు. చావు ఎలా కనబడుతుందో చూస్తారు.

ఈ గీత అన్నిచోట్లా ఒకేలా ఉండదు. అమెరికా బోర్డు ఈఎస్‌ఆర్‌బీ ఈ రెండు ఆటలకీ ఒకటే రేటింగ్ ఇచ్చింది, 'టి', అంటే టీన్, 13 ఏళ్లు దాటినవాళ్లకి. తేడాని అక్షరంలో చూపించకుండా కింద చిన్నక్షరాల్లో పెట్టారు. పబ్జీ కింద 'రక్తం' అనే మాట ఉంటుంది, ఫోర్ట్‌నైట్ కింద ఉండదు. అందుకే నేను అంకె కంటే ముందు ఆ చిన్న మాటలు చదువుతాను. అంకె అవతలివాళ్లు చెప్పిన తీర్పు. ఆ మాటలేమో దానికి సాక్ష్యం. మీ పిల్లాడికి రక్తం చూస్తే రాత్రి నిద్ర పట్టదని మీకు తెలుసు, బోర్డుకి తెలియదు.

ఈ వయసులు నిర్ణయించేది ప్రభుత్వమా, కంపెనీయా? సినిమా సెన్సారువాళ్లలా కూర్చుని ఆట మొత్తం ఆడతారా?
— పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు

మాస్టారూ, ఒక్క ప్రశ్నలో నాలుగు అడిగారు. దేశాన్ని బట్టి జవాబు మారుతుంది.

ముందు అమెరికా. అక్కడి ఈఎస్‌ఆర్‌బీ ప్రభుత్వానిది కాదు, గేమ్‌ల పరిశ్రమే పెట్టుకున్న సంస్థ. దుకాణంలో డిస్క్‌గా డబ్బాలో అమ్మే ఆటకి రేటింగ్ కావాలంటే కంపెనీ ఒక పెద్ద ఫారం నింపి, దాంతోపాటు వీడియో పంపాలి. ఆ వీడియోలో ఆట మామూలుగా ఎలా సాగుతుందో చూపిస్తే చాలదు. అన్నిటికంటే ఘోరమైన దృశ్యం, అన్నిటికంటే పచ్చి మాట, అన్నీ ఏరి కూర్చాలి. శిక్షణ పొందిన కనీసం ముగ్గురు దాన్ని చూసి అభిప్రాయం చెబుతారు. వాళ్లు ఆట ఆడరు. వినగానే మోసంలా అనిపిస్తుంది గానీ, ఆలోచించండి. ఒక్కో ఆట యాభై, వంద గంటలు సాగుతుంది. ఎవరు ఏ తలుపు తెరుస్తారో, ఏ దారిన పోతారో చెప్పలేం. పైగా రేటింగ్‌కి పంపేనాటికి ఆట పూర్తయి ఉండదు, మధ్యలో ఆగిపోతుంటుంది. మార్కెట్లోకి వచ్చాక కొన్నిటిని బోర్డు సిబ్బంది ఆడి సరిచూస్తారు.

జర్మనీలో పద్ధతి వేరు. యూఎస్‌కే అనే సంస్థలో టెస్టర్లు ఆటని నిజంగానే ఆడి, ఒక కమిటీ ముందు కూర్చుని చూపిస్తారు. ఆ కమిటీలో పిల్లల రక్షణ రంగంలో అనుభవమున్నవాళ్లుంటారు, రాష్ట్ర ప్రభుత్వాల తరఫున ఒక ప్రతినిధి ఉంటారు. వాళ్లిచ్చే 0, 6, 12, 16, 18 అంకెలకి చట్టం బలం ఉంది. టెస్టర్‌గా నాకు ఈ పద్ధతంటే కాస్త పక్షపాతం, ఒప్పుకుంటున్నాను.

యూరప్‌లో చాలా దేశాలు వాడే పెగీ ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది. కంపెనీ ముందు ప్రశ్నావళి నింపుతుంది, దాన్నుంచి ఒక తాత్కాలిక అంకె వస్తుంది, ఆ తర్వాత దాన్ని తనిఖీ చేస్తారు. 3, 7 వచ్చినవాటిని నెదర్లాండ్స్‌లోని నికామ్, 12 నుంచి పైవాటిని బ్రిటన్‌లోని గేమ్స్ రేటింగ్ అథారిటీ అనే సంస్థలు చూస్తాయి. ఆస్ట్రేలియాలో అయితే నేరుగా ప్రభుత్వ బోర్డే.

ఇవన్నీ డబ్బాల్లో అమ్మే ఆటల సంగతి. ఫోన్‌లోకి రోజూ వచ్చిపడే వేల ఆటల్ని ముగ్గురు మనుషులు కూర్చుని చూడటం అయ్యే పని కాదు. అందుకని ఈ బోర్డులన్నీ కలిసి 2013లో ఐఏఆర్‌సీ అని ఒక ఏర్పాటు చేసుకున్నాయి. ఆట తయారుచేసినవాడు ఆన్‌లైన్‌లో ఒకే ప్రశ్నావళి నింపుతాడు. ఆ జవాబుల నుంచి కంప్యూటరే అమెరికాకి ఒక రేటింగ్, యూరప్‌కి ఒకటి, జర్మనీకి ఒకటి లెక్కగట్టి ఇచ్చేస్తుంది. సొంత బోర్డు లేని దేశాలకి 3+, 7+, 12+, 16+, 18+ అని ఒక మామూలు వరస ఉంది. గూగుల్ ప్లే స్టోర్ 2015 నుంచి ఇదే వాడుతోంది. తప్పు దొరికితే బోర్డులు తర్వాత దిద్దుతాయి, కానీ మొదటి అంకె పుట్టేది తయారుచేసినవాడి నోటి మాట నుంచే.

ఆ నోటి మాట ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే ఒకసారి ఆ నోరు నాదే. మా కంపెనీలో కప్ప ఆట ఒకటి చేశాం. కప్ప ఆకుల మీద గెంతుతూ ఈగల్ని పట్టాలి. ఫారం నింపే పని నా నెత్తిన పడింది. హింస ఉందా అన్న దగ్గరే ఆగిపోయాను. కప్ప ఈగని మింగితే హింసా? ఆఫీసులో అరగంట చర్చ. "ఈగ బాధపడినట్టు చూపిస్తున్నామా?" అన్నాడు బొమ్మలు గీసే కుర్రాడు. చూపించడం లేదు. ఫటుక్కున మాయమవుతుంది, అంతే. దానికి తగ్గట్టు జవాబులు పెట్టి ముందుకెళ్లాను.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఆటలో రోజుకోసారి ఉచితంగా నాణేలిచ్చే యంత్రం పెట్టాం. పిడి లాగితే మూడు గళ్లు గిర్రున తిరుగుతాయి, మూడింటిలోనూ ఒకే బొమ్మ పడితే నాణేలు రాలతాయి. అచ్చం జూదశాలలో ఉండే యంత్రమే. జూదాన్ని పోలినది ఏమైనా ఉందా అని ఫారంలో ఉంది. "డబ్బు పెట్టేది లేదు కదా, లేదని కొట్టు" అన్నాడు మా మేనేజరు. నేను ఉందని కొట్టాను. 3 వస్తుందనుకున్న ఆట అంకె ఒక్క దెబ్బకి పైకెగిరింది. ఆయన ముఖం చూడాలి! రెండు రోజుల్లో ఆ యంత్రాన్ని పీకేసి దాని చోట మూడు పెట్టెలు పెట్టారు. ఒక పెట్టె తెరువు, నీ అదృష్టం. మళ్లీ ఫారం నింపాను. అంకె 3కి దిగొచ్చింది. లోపల లెక్క మారలేదు మాస్టారూ, అదే అదృష్టం, అవే నాణేలు. మారింది పైన తొడిగిన చొక్కా.

ఈ రేటింగ్‌లు మొదట ఏ ఆట వల్ల వచ్చాయి?
— డిగ్రీ విద్యార్థి

ఒక్క ఆట పేరే చెప్పమంటే మోర్టల్ కాంబాట్. ఇద్దరు కొట్టుకునే ఆట, చివర్లో గెలిచినవాడు ఓడినవాడి గుండె పీకేయగలడు. 1993 సెప్టెంబరులో ఇళ్లలో ఆడుకునే కన్సోళ్లకి వచ్చింది. నింటెండో తన కన్సోల్‌లో రక్తం వద్దని పట్టుబట్టి, దాన్ని బూడిదరంగు చెమటగా మార్పించింది. సెగా కన్సోల్‌లో పైకి రక్తం కనబడదు గానీ బటన్లు ఒక వరసలో నొక్కితే ఎర్రగా వచ్చేస్తుంది. ఆ వరస పిల్లల మధ్య మంత్రంలా పాకిపోయింది. దేని అమ్మకాలు ఎక్కువయ్యాయో ఊహించుకోండి. సెగాదే.

ఆ డిసెంబరు 9న అమెరికా సెనేట్‌లో విచారణ పెట్టారు. జో లీబర్మన్, హెర్బ్ కోల్ అనే సెనేటర్లు ఈ ఆటనీ, నైట్ ట్రాప్ అనే ఇంకో ఆటనీ చూపించి కంపెనీలని కడిగేశారు. నింటెండో, సెగా ప్రతినిధులు అందరి ముందే నువ్వంటే నువ్వని దెప్పుకున్నారు. మీరే ఒక పద్ధతి పెట్టుకోండి, లేకపోతే మేం పెడతాం అన్నది అక్కడ తేలిన సారాంశం. సెగాకి అప్పటికే సొంత రేటింగ్ ఉండేది, కానీ ఒక కంపెనీ ముద్రని పోటీ కంపెనీలు వేసుకోవు కదా. 1994లో అందరికీ కలిపి ఈఎస్‌ఆర్‌బీ పుట్టింది. అదే ఏడు నింటెండోలో వచ్చిన మోర్టల్ కాంబాట్ రెండో భాగంలో రక్తం ఎర్రగానే ఉంది.

తర్వాత జపాన్‌లో 2002లో సెరో, యూరప్‌లో 2003లో పెగీ వచ్చాయి. ఆస్ట్రేలియాది మాత్రం విచిత్రం. అక్కడ 2013 వరకు గేమ్‌లకి పెద్దల వర్గమే లేదు. 15 ఏళ్లవాళ్లకి తగదనుకున్న ఆటని పెద్దవాళ్లకి కూడా అమ్మనిచ్చేవారు కాదు.

ఆంటీ, నాకు 13 ఏళ్లు. మా క్లాసులో అందరూ జీటీఏ ఆడతారు. మా అమ్మ 18 అని ఉందని వద్దంటోంది. అమెరికాలో అది 17 అట కదా! ఆడితే కేసు పెడతారా?
— పేరు వేయొద్దు ప్లీజ్

పేరు వేయనులే నాన్నా. (తెలియనివాళ్లకి: జీటీఏ అంటే గ్రాండ్ థెఫ్ట్ ఆటో, నేరగాళ్ల కథల ఆట.) అమెరికాలో 'ఎం' అంటే 17 దాటినవాళ్లకి, నిజమే. యూరప్‌లో అదే ఆట 18. జపాన్‌లో 'జెడ్', అదీ 18. ఎటు తిప్పినా నీ 13కి కనీసం నాలుగేళ్లు తక్కువే.

కేసు సంగతి. ఇలాంటి చట్టాలు ఉన్నచోట అవి అమ్మేవాడిని పట్టుకుంటాయి, ఆడే పిల్లాడిని కాదు. బ్రిటన్‌లో, జర్మనీలో వయసు చాలని పిల్లలకి ఆ డబ్బా అమ్మితే దుకాణంవాడు ఇరుక్కుంటాడు. అమెరికాలో ఆ చట్టం కూడా లేదు. కాలిఫోర్నియా 2005లో ఒకటి చేస్తే, వీడియో గేమ్‌లకి కూడా పుస్తకాలకున్నంత భావప్రకటన స్వేచ్ఛ ఉందని సుప్రీంకోర్టు 2011లో 7–2 తేడాతో కొట్టేసింది. అక్కడి దుకాణాలు తమంతట తామే వయసు అడుగుతాయి. కాబట్టి నీకు పోలీసుల భయం అక్కర్లేదు, మీ అమ్మ భయం ఉంటే చాలు.

నీకో పని చెబుతాను. జీటీఏ ఐదో భాగానికి ఈఎస్‌ఆర్‌బీ ఇచ్చిన వివరాల్లో ఏడు అంశాలున్నాయి. నెత్తుటి దృశ్యాలు, తీవ్రమైన హింస, పెద్దల హాస్యం, నగ్నత్వం, పచ్చి బూతులు, స్పష్టమైన శృంగారం, మత్తుపదార్థాలు–మద్యం వాడకం. ఈ ఏడూ మీ అమ్మ ముందు నిలబడి తడబడకుండా పైకి చదువు. ఆ తర్వాత కూడా అడగాలనిపిస్తే అడుగు.

మా పాప ఆడేది 3+ ఫుట్‌బాల్ ఆట. మూడేళ్ల పిల్లలు ఆడేదే కదా అని ధైర్యంగా ఫోన్ ఇచ్చాం. ఒక నెలలో మా ఖాతాలోంచి బోలెడు డబ్బు పోయింది. పైగా ఎవరో మైకులో దాన్ని నోటికొచ్చినట్టు తిట్టారు. ఆ 3 అంకె వేసినవాళ్లని ఏం చేయాలి?
— గాయపడ్డ ఒక అమ్మ

మీ కోపంలో న్యాయముంది. మీరు రాసిన రెండు దెబ్బలూ ఆ అంకెకి పక్కనుంచి తగిలినవే.

డబ్బు సంగతి ముందు. ఫుట్‌బాల్ ఆటల్లో చాలావాటికి పెగీ 3 ఇస్తూ వచ్చింది. గడ్డి, బంతి, అరుపులు, ఇంకేముంటుంది? అయితే వాటిలోనే డబ్బు పెట్టి ప్యాకెట్లు కొనొచ్చు. లోపల గొప్ప ఆటగాడు ఉండొచ్చు, ఊరూపేరూ లేనివాడు ఉండొచ్చు. ఏముందో కొన్నాకే తెలుస్తుంది. వీటినే లూట్ బాక్స్‌లంటారు. మా కప్ప ఆటలో పెట్టెలు గుర్తున్నాయా? వాటికి వెల కడితే ఇవే. చాలాకాలం బోర్డులు వీటిని జూదంగా లెక్కపెట్టలేదు, ఏదో ఒకటి తప్పకుండా వస్తుంది కదా అన్న వాదనతో. నాకు ఆ వాదన ఎప్పుడూ మింగుడుపడలేదు.

2018లో ఈఎస్‌ఆర్‌బీ, పెగీ రెండూ 'ఆటలో కొనుగోళ్లు ఉన్నాయి' అన్న గుర్తు తెచ్చాయి. 2020లో దానికి 'ఏమొస్తుందో తెలియని వస్తువులు కూడా' అన్న ముక్క జోడించాయి. గుర్తు పెట్టారు గానీ అప్పట్లో అంకె మాత్రం కదపలేదు. జర్మనీ 2023 నుంచి ఇలాంటివాటిని వయసు నిర్ణయంలో కూడా లెక్కలోకి తీసుకుంటోంది. ఆస్ట్రేలియా 2024 సెప్టెంబరు నుంచి డబ్బు పెట్టి కొనే అదృష్టం ప్యాకెట్లున్న కొత్త ఆటకి కనీసం 'ఎం', అంటే 15 ఏళ్లకి తగినది అన్న రేటింగ్ తప్పదంది. జూదశాల యంత్రాన్ని అనుకరించే ఆటయితే 18.

ఇందులో ఇంకో తమాషా ఉంది. బలాట్రో అని 2024లో ఒక పేకముక్కల ఆట వచ్చింది. పేకాటలోని జట్లు వాడుకుని పాయింట్లు కూడబెట్టడమే ఆట. పందెం లేదు, లోపల పైసా ఖర్చు లేదు. పెగీ దానికి 18 ఇచ్చింది, జూదం నైపుణ్యం నేర్పుతోందని. ప్యాకెట్లమ్మే ఫుట్‌బాల్‌కి 3, ఏమీ అమ్మని పేకముక్కలకి 18! తయారుచేసినతను బహిరంగంగా వెటకారం చేశాడు. ప్రచురణకర్తలు ఫిర్యాదు పెట్టారు. 2025 ఫిబ్రవరిలో పెగీ దాన్ని 12కి దించింది. బోర్డులు కూడా నేర్చుకుంటూనే ఉన్నాయన్నమాట, ఆ నేర్చుకునే ఖర్చు మధ్యలో మీలాంటివాళ్ల మీద పడుతోంది.

ఇక మైకులో తిట్లు. ఆటలోకి రచయిత రాసిన బూతుకి రేటింగ్ ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఎవడో అరిచిన బూతుకి ఉండదు, అది ముందే ఎవరూ వినలేరు కదా. ఆన్‌లైన్ మాటలకి మా రేటింగ్ వర్తించదని ఈఎస్‌ఆర్‌బీ విడిగా ప్రకటన కూడా వేయిస్తుంది. 'వినియోగదారులు మాట్లాడుకుంటారు' అనే చిన్న గుర్తు కనబడిందంటే ఆ ఆటకి తలుపులు తెరిచి ఉన్నాయని లెక్క. సెట్టింగ్స్‌లోకి వెళ్లి వాయిస్ చాట్ ఆపేయండి, లేదా స్నేహితులకే పరిమితం చేయండి. ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా స్టోర్‌లోనే పెట్టుకోవచ్చు. ఈ రెండూ ఇవాళే చేసేయండి. పోయిన డబ్బు కోసం ఆలస్యం చేయకుండా స్టోర్‌లోనే రీఫండ్ అడగండి, ఇస్తారని హామీ ఇవ్వలేను గానీ అడగడంలో తప్పులేదు.

చిన్న ప్రశ్నలు, చిన్న జవాబులు

*ప్లే స్టోర్‌లో పిన్ పెట్టి 7+ దాకా పరిమితి పెట్టాను. అయినా మావాడి ఫోన్‌లో 16+ ఆట ఉంది!* — అది మీరు పిన్ పెట్టకముందే దించుకుని ఉంటాడు. ఆ పరిమితి కొత్తగా దించేవాటికే. పాతవి మీరే తీసేయాలి.

*ఆట మీద 7+ అని ఉంది, ఖాతా తెరవబోతే 13 ఏళ్లుండాలంది. ఏది నమ్మాలి?* — రెండూ నిజమే, రెండిటికీ చుట్టరికం లేదు. ఆ 13 అమెరికాలో 1998లో చేసిన ఒక చట్టం నుంచి వచ్చింది. 13 ఏళ్లలోపు పిల్లల వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. ఆ తలనొప్పి ఎందుకని చాలా కంపెనీలు 13 అని గీత గీసేశాయి.

*ఐఫోన్‌లో అంకెలు వేరుగా ఉన్నాయేమిటి?* — ఆపిల్‌ది సొంత వరస. ముందు 4+, 9+, 12+, 17+ ఉండేవి. 2025లో 12, 17లు తీసేసి 13+, 16+, 18+ తెచ్చారు.

మేం ముగ్గురు స్నేహితులం, మొదటి ఆట తయారుచేస్తున్నాం. ప్రశ్నావళిలో ఒకటి రెండు 'లేదు' అని పెట్టేస్తే తక్కువ అంకె వస్తుంది కదా. ఎవరికి తెలుస్తుంది?
— ముగ్గురిలో ఒకడు

బాబూ, నన్ను మళ్లీ మా మేనేజరు ముందు నిలబెట్టావు. ఎవరికి తెలుస్తుంది అన్నావు కదా, ఆడినవాళ్లందరికీ తెలుస్తుంది. ఒక్కడు ఫిర్యాదు చేస్తే చాలు, బోర్డు తెరిచి చూస్తుంది, అంకె మారుస్తుంది, స్టోర్ నీ ఆటని తీసేసినా తీసేస్తుంది. డబ్బాల్లో వచ్చే పెద్ద ఆటల విషయంలో సంగతి దాస్తే ఈఎస్‌ఆర్‌బీ 10 లక్షల డాలర్ల దాకా జరిమానా వేయగలదు.

కావాలని దాచకపోయినా ఇరుక్కోవచ్చు. జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో ఒక శృంగార సన్నివేశాన్ని తయారుచేసి, తర్వాత వద్దనుకుని తాళం వేసేశారు. తీసేయలేదు, డిస్క్‌లో అలాగే ఉంచేశారు. 2005లో బయటివాడొకడు ఆ తాళం తీసే చిన్న ప్రోగ్రాం రాసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఆ జూలైలో ఈఎస్‌ఆర్‌బీ దాని రేటింగ్‌ని 'ఎం' నుంచి 'ఏఓ'కి, అంటే పెద్దలకి మాత్రమే అన్నదానికి మార్చింది. వినడానికి 17 కాస్తా 18 అయిందంతే. కానీ 'ఏఓ' ముద్ర ఉన్న ఆటని పెద్ద దుకాణాలు అరల్లో పెట్టవు, కన్సోల్ కంపెనీలు రానివ్వవు. దుకాణాలు డబ్బాలు వెనక్కి తీసేశాయి. ఆ సన్నివేశాన్ని పూర్తిగా పీకేసి కొత్త డిస్క్‌లు కొట్టాకే 'ఎం' తిరిగొచ్చింది. అప్పటినుంచి తాళం వేసి దాచిన సరుకు కూడా చెప్పాలన్నది నియమం. మరుసటి ఏడు ఆబ్లివియన్ అనే ఆటకి 'టి' పోయి 'ఎం' వచ్చింది, చూపించినదానికంటే రక్తపాతం వివరంగా ఉందని.

కాబట్టి మీ ముగ్గురూ వాడకుండా వదిలేసిన బొమ్మలు, శబ్దాలు ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో మిగిలిపోయి ఉంటే విడుదలకి ముందే ఏరి పారేయండి. ఫారం నింపేటప్పుడు ఆటని పక్కనే తెరిచిపెట్టుకోండి, గుర్తున్నదాన్ని బట్టి కొట్టొద్దు. అదృష్టం యంత్రం ఏదైనా ఉంటే దాని స్క్రీన్‌షాట్ పంపు, చూసి చెబుతాను.